హెండ్రిక్స్‌కి మూడేళ్ళు, మన శ్రీనివాస్‌కి ఎన్నేళ్ళు?

మొన్న శనివారం పెంటపాడులో మా ఇంట్లో కూచుని, జిమీ హెండ్రిక్స్ మీద 1973లో వచ్చిన డాక్యుమెంటరీ చూశాను. ఆయన పోయింది 1970 సెప్టెంబరులో. మూడేళ్ళకే వాళ్ళ నాన్ననీ, స్నేహితుల్నీ, తోటి గిటారిస్టుల్నీ కెమెరా ముందు కూచోబెట్టి మాట్లాడించేశారు.

మరి మా జిల్లా పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ సంగతేంటి? ఎనిమిది తీగల వాయిద్యాన్ని ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ చేసి, గమకాలు పలికించి కర్ణాటక కచేరీ ఎక్కించాడు. 1983లో, పద్నాలుగేళ్ళకే బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. తర్వాత జాన్ మెక్‌లాగ్లిన్ గిటారు పక్కన 'రిమెంబర్ శక్తి'లో నిలబడ్డాడు. 2014 సెప్టెంబరు 19న పోయాడు, నలభై అయిదేళ్ళకే.

పదేళ్ళు దాటింది. మన తెలుగువాళ్ళం తీసిన నిండైన సినిమా ఒక్కటీ నా కంటపడలేదు. "బాలమేధావి, దైవాంశ" అనేసి చేతులు దులుపుకుంటాం. దైవాంశ అనేశాక ఇంక అడగడానికేముంది? సాధన ఎలా చేశాడు, తీగలెందుకు తగ్గించాడు, "మాండలిన్ మీద త్యాగరాజా?" అని పెదవి విరిచినవాళ్ళకి ఎలా జవాబిచ్చాడు? చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, ఎల్లకాలం ఉండరు. బ్యాకప్ తియ్యని డేటా పోయాక ఏడ్చి లాభం లేదని మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా తెలుసు.

హీరోల పుట్టినరోజు ఫ్లెక్సీలకి ఎత్తే చందాల్లో కొంచెం ఇటు పెడితే చాలదూ?