టికెట్ కొన్న కుర్రాణ్ణి తిట్టకండి

పోస్టు కొంచెం పొడుగు. ఓపికున్నోళ్లు ఇప్పుడు చదవండి, డ్యూటీలో ఉన్నోళ్లు ఆదివారానికి దాచుకోండి.

మన గ్రూపుల్లో పది రోజులుగా ఒకటే గొడవ. ఒక కుర్రాడు రెండొందల రింగిట్లు పెట్టి మ్యూజిక్ షోకి టికెట్ కొన్నాడు, కొన్నోడు ఊరుకోకుండా ఫొటో పెట్టాడు. ఇక చూడాలి మనోళ్ల మాటలు. ఇంటికాడ అప్పులోళ్లు తిరుగుతుంటే నీకు పాటలు కావల్సొచ్చాయా అని ఒకరు, మీ నాన్న నంబరు పంపు నేను మాట్లాడతాను అని ఇంకొకరు. ఒకాయనైతే లెక్క కట్టి మరీ పెట్టాడు. 2025 ఫిబ్రవరి నుంచి ఇక్కడ కనీస జీతం నెలకి 1,700, ఇరవయ్యారు రోజులకి పంచితే రోజుకి 65, అంటే మూడు రోజుల కష్టం మూడు గంటల్లో ఊదేశాడు అని.

లెక్క కరెక్టే. కాకపోతే ఆ లెక్క వారం వారం నంబర్ల షాపులో కట్టే డబ్బుకి ఎప్పుడూ కట్టరు. శనివారం రాత్రి రూములో ఖాళీ అయ్యే బీరు డబ్బాలకి కట్టరు. పాట దగ్గరికి వచ్చేసరికే ఇల్లు, అప్పు, నాన్న అన్నీ గుర్తొస్తాయి. తాగుడంటే కూలోడి అలవాటు, కచేరీ అంటే డబ్బున్నోడి సరదా అని మనకి మనమే రాసిపెట్టుకున్నాం. నాకు మండేది అక్కడే.

మనం పాట లేని ఊళ్ల నుంచి రాలేదు కదా. మాది కోటబొమ్మాళి వైపు. కొత్తమ్మతల్లి జాతరకి ఆర్కెస్ట్రా వస్తే అన్నం తిని గోనెసంచి చంకలో పెట్టుకుని ఎల్లిపోయేవాళ్లం, ముందు వరుసలో చోటు కోసం. బరంపురం నుంచి మెలోడీ పార్టీ వస్తే అదొక వింత. పాడేవాడు ఎవడైనా బాలు గొంతే పెట్టాలి, లేకపోతే జనం ఈలలేసి దింపేసేవారు. తప్పెటగుళ్లోళ్లు గుండెకి తప్పెటలు కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో తెల్లార్లూ ఎగిరేవారు. ఒకసారి వంగపండు ప్రసాదరావు గారి పాట ఎదురుగా నిలబడి విన్నాను. మైకు సరిగ్గా పనిచేయలేదు, ఆయనకి మైకుతో పనీ లేదు. గజ్జె కాలు నేలకేసి కొడితే చివర కూర్చున్న ముసలమ్మ కూడా తాళం వేసింది. 2020 ఆగస్టులో ఆయన పోయారని ఇక్కడ ఫోన్లో చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కాలి చప్పుడే.

అక్కడ టికెట్ లేదు. చందా ఇచ్చినోడూ ఇవ్వనోడూ ఒకే నేల మీద కూర్చున్నాం. ఇక్కడికొచ్చాక పాటకి గేటు, గేటుకి టికెట్ వచ్చాయి. అంతమాత్రాన మనకి పాట మీద ఆకలి పోతుందా?

నేను డబ్బు పెట్టి చూసిన షోల్లో పెద్దది 2023 జనవరి 28న బుకిట్ జలీల్ స్టేడియంలో ఎ.ఆర్. రెహమాన్ షో. 1998 కామన్‌వెల్త్ ఆటల కోసం కట్టిన స్టేడియం అది, ఎనభై వేల పైచిలుకు మంది పడతారు. మా టికెట్ అన్నిటికన్నా చవక, సీటు అన్నిటికన్నా పైన. రెహమాన్ అగ్గిపుల్లంత కనబడ్డాడు. స్క్రీన్ మీద చూడ్డానికి అంత దూరం ఎందుకు, యూట్యూబులో చూస్తే పోలా అంటారు. చూడ్డానికి వెళ్తే మీరన్నది నిజమే. డ్రమ్ము దెబ్బ కాళ్ల కింద సిమెంటులోంచి ఎక్కి పొట్టలో తగలడం మాత్రం యూట్యూబులో ఉండదు.

ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ షో అంటే తమిళమే. వచ్చే జనంలో ఎక్కువమంది తమిళులు, వాళ్లే టికెట్లు కొనేది, అందులో తప్పు పట్టడానికేం లేదు. మనకి రోజా పాటలు తెలుగులో వచ్చు, వాళ్లకి తమిళంలో. మ్యూజిక్ మొదలవగానే నా పక్కనున్న క్లాంగ్ కుర్రాడు తమిళంలో అందుకున్నాడు, నేను తెలుగులో అందుకున్నాను. ఒకే రాగం, రెండు నోళ్లలో రెండు భాషలు. అతను ఒకసారి ఆగి నా నోరు చూసి నవ్వాడు, మళ్లీ పాడాడు. ఆ తెలుగు మాటలు రాసిన రాజశ్రీ గారు మా పక్క విజయనగరం మనిషే. డబ్బింగు పాటలు రాసేవాళ్లని మన దగ్గర చిన్నచూపు చూస్తారు. పరాయి దేశంలో వేలమంది మధ్య నాకు నా భాషలో పాడుకోడానికి మాటలు ఉన్నాయంటే ఆయన పుణ్యమే.

ఇక షో బయట సంగతి. ఇది ఎవరూ రాయరు. షో అర్ధరాత్రి దాకా నడుస్తుంది. ఎల్ఆర్‌టీ ఆఖరి రైలు ఎవరి కోసమూ ఆగదు. ముందు వరుసలోళ్లు కార్లలో పోతారు. మనం చివరి నాలుగు పాటలు వదులుకుని పరిగెత్తాలి, లేదా గ్రాబ్‌కి టికెట్‌లో సగం డబ్బు పొయ్యాలి. మేము నలుగురం వదులుకోలేదు, తెల్లారి మొదటి రైలు దాకా స్టేషన్ బయట మెట్ల మీద కూర్చున్నాం. దోమలు కుట్టాయి, కబుర్లు బాగా సాగాయి.

మాతో రావాల్సిన ఐదోవాడు రాలేదు. టికెట్ ఉంది, పాస్‌పోర్టు లేదు. కంపెనీ బీరువాలో ఉంది, చేతికి జిరాక్సు కాగితం ఇచ్చారు. దారిలో చెకింగ్ పడితే జిరాక్సు చాలదేమోనని భయపడి టికెట్ వేరేవాళ్లకి సగం రేటుకి అమ్మేశాడు. ఈ దేశపు 1966 పాస్‌పోర్టు చట్టం ప్రకారం, చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఇంకొకరి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం నేరం. ఆ కుర్రాడికి ఆ సంగతి తెలుసు. తెలిసినా అడగలేడు, అడిగితే పర్మిట్ రెన్యువల్ ఏమవుతుందోనని. కాబట్టి మనోళ్లు షోలకి రారు అంటే డబ్బు ఒక్కటే కారణం అనుకోకండి.

ఇంకో మాట. ఆ స్టేజీకి ఇనప పైపులు కట్టేది, కుర్చీలు మోసేది, తెల్లారాక నీళ్ల సీసాలు ఏరేది ఎవరనుకున్నారు? నాకు తెలిసిన బంగ్లాదేశ్ అన్న ఒకాయన అలాంటి స్టేజీలు ఎన్ని కట్టాడో లెక్కలేదు. షో ఒక్కటీ చూళ్లేదు. సౌండ్ చెకింగ్ విన్నాను, అది చాలు అంటాడు.

ఇప్పుడు అప్పు సంగతి, ఎందుకంటే ఆ వాదనని కొట్టిపారేయలేను. ఏజెంటుకి కట్టిన డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినోడు, మొదటి ఏడాదిలో ఉన్నోడు స్టేడియం టికెట్ కొనొద్దనే నేనూ అంటాను. కానీ వాణ్ణి పాటకే దూరంగా ఉండమనకండి, రూములో పడి ఉండమనకండి. డబ్బు లేకుండా వినే పాట ఈ ఊళ్లో బోలెడంత ఉంది.

రెహమాన్ షో అయిన ఎనిమిది రోజులకి, ఫిబ్రవరి 5న తైపూసం వచ్చింది. కొముటర్ రైలెక్కి బటు కేవ్స్ వెళ్లాం. సెలవు రోజు, ఖర్చు రైలు టికెట్టే. అక్కడ ఉరుమి మేళాలు వింటే మన ఉత్తరాంధ్ర వాళ్లకి తప్పెటగుళ్లు గుర్తు రాకపోతే చూడండి. ఉరుమికి రెండు వైపులుంటాయి. ఒక వైపు వంకర పుల్లతో చర్మం మీద రాస్తారు, మూలిగినట్టు చప్పుడొస్తుంది. ఇంకో వైపు కొడతారు. కొట్టేది ఎవరో పెద్ద విద్వాంసులు కాదు. పగలు లారీ నడిపేవాడు, ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ తోలేవాడు, స్కూలు పిల్లోడు. ఒకే రంగు టీషర్టులు వేసుకుని, చేతులు బొబ్బలెక్కినా ఆపరు. కావడి మోసేవాడు అడుగు తడబడితే మేళం చుట్టూ చేరి దరువు పెంచుతుంది, మనిషి మళ్లీ లేస్తాడు. నా కళ్లారా చూశాను. నేను ఇక్కడ చూసిన బ్యాండుల్లో మొదటి మార్కు వాళ్లకే. రెహమాన్‌కి రెండోది, ఏమనుకోకండి.

రోడ్డు పక్కన గిటార్లు పెట్టుకుని పాడే కుర్రాళ్లున్నారు. మలై పాట, ఇంగ్లీషు పాట, జనం అడిగితే హిందీ పాట కూడా. నిలబడి వినొచ్చు, జేబులో రింగిట్ ఉంటే డబ్బాలో వెయ్యొచ్చు. అక్కడే నాకు అలీక్యాట్స్ పాటలు పరిచయం. పెనాంగ్‌లో పుట్టిన బ్యాండు, డేవిడ్ ఆర్ముగం, లోగనాథన్ ఆర్ముగం అని అన్నదమ్ములు. మనలాగే దక్షిణాది రక్తం, పాడింది మలైలో. లోగనాథన్ 2007లో పోయినా ఇప్పటికీ మలై పెద్దవాళ్లు ఆ పాటలు వింటే కళ్లు మూసుకుంటారు. మా సూపర్‌వైజర్ ముందు ఒకసారి ఆ పాట రెండు ముక్కలు కూనిరాగం తీశాను. ఆ రోజంతా నన్ను పేరు పెట్టి పిలిచాడు. అంతకు ముందు 'హోయ్' అనేవాడు.

2020 చెప్పకపోతే ఈ పోస్టు పూర్తవదు. మార్చి 18న ఎంసీఓ పెట్టారు, హాస్టల్లోనే బందీలయ్యాం. తర్వాత కొంచెం వదిలారు. సెప్టెంబర్ 25న బాలు గారు పోయారు. ఆ రాత్రి మా అంతస్తులో ఎవరూ పడుకోలేదు. ఒకడు నీళ్ల క్యాను బోర్లించి దరువు వేశాడు, ఒకడు పళ్లెం మీద స్పూను. గొంతు ఉన్నోడూ లేనోడూ పాడాడు. పక్క రూము నేపాల్ వాళ్లు నిద్ర పాడవుతోందని తిట్టడానికొచ్చారు. సంగతి చెప్తే కూర్చున్నారు, బాలు హిందీలో పాడినవి వాళ్లకీ తెలుసు. అందులో ఒకడు చివర్లో వాళ్ల పాట ఒకటి పాడాడు. భాష అర్థం కాలేదు, ఇంటికి సంబంధించిందని మాత్రం తెలిసింది. టికెట్ లేని ఆ కచేరీ గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు పట్టుకుంటుంది.

అందుకే మన తెలుగు సంఘాల పెద్దలకి ఒక మాట. ఈ దేశంలో తెలుగోళ్లు నిన్న మొన్న వచ్చినోళ్లు కాదు. బగాన్ డాతుక్ కొబ్బరితోటల్లోకి, రబ్బరుతోటల్లోకి మా శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచే తాతలు కూలికి వచ్చారు. వాళ్ల మనవలు ఈ రోజుకీ ఉగాది చేసుకుంటున్నారు, చాలా గొప్ప సంగతి. కానీ కూలికొచ్చిన తాతల పేరు చెప్పుకుని చేసే పండగలో ఇప్పటి కూలీకి చోటుండాలా వద్దా? ఒక సంఘం ప్రోగ్రాంకి వెళ్లాం. హోటల్లో పెట్టారు, శనివారం రాత్రి, భోజనంతో కలిపి టికెట్. రిసెప్షన్ దగ్గర మమ్మల్ని చూసి క్యాటరింగ్ వాళ్లు వెనక గేటు నుంచి రావాలి అన్నారు. మేము నవ్వేసి టికెట్ చూపించాం. లోపల అందరూ బాగానే చూశారు, అది కూడా చెప్పాలి.

హోటల్ వద్దు. ఆదివారం మధ్యాహ్నం పెట్టండి, రెండు గంటలకి మొదలెట్టి ఆరుకి ముగించండి. రైలు స్టేషన్ దగ్గర ఏదైనా గుడి హాలు చాలు. భోజనం పులిహోర పొట్లం చాలు. ఇండియా నుంచి సినిమావాళ్లని విమానం ఎక్కించక్కర్లేదు. మనలోనే డప్పు కొట్టేవాళ్లున్నారు, హార్మోనియం వచ్చినోళ్లున్నారు, బుర్రకథ వంత చెప్పినోడు మా హాస్టల్లోనే ఒకడున్నాడు, ఇక్కడ గ్లవ్స్ ప్యాకింగ్ చేస్తున్నాడు.

పెద్దలు పెట్టేదాకా ఆగేది లేదు. ఈ నెల ఆఖరి ఆదివారం మా రూముల వాళ్లం పార్కులో కలుస్తున్నాం. ఎక్కడ, ఎన్నింటికి అనేది గ్రూపులో చెప్తాను. స్పీకర్లు తేవద్దు, పక్కవాళ్లకి ఇబ్బంది. డప్పు ఉన్నోళ్లు డప్పు, లేనోళ్లు నీళ్ల క్యాను తెచ్చుకోండి. ఒరిజినల్ కాగితాలు చేతిలో ఉన్నోళ్లు జేబులో పెట్టుకుని రండి. లేనోళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, మేమే మీ హాస్టల్‌కి వస్తాం. ఆ టికెట్ కొన్న తమ్ముడికి కూడా చెప్పండి, షో చూశాక ఏ పాట బాగుందో వచ్చి మాకు పాడి వినిపించాలి.