ఆకు చెప్పు సాక్ష్యము

విశాఖపట్నపు గాజువాకలోని యొక యింటి పెరటిలో, గింజవేసి పెంచిన నిమ్మమొక్కకు పాతచెప్పు వ్రేలాడుచుండుట చూచితిని. లేతాకులు ముడుచుకొని, వాటిమీద వెండిదారము వంటి మెలికల గీతలు పడియుండెను. నరదృష్టి యని పొరుగువారు తేల్చిరి. బహిష్టు దినములలో కోడలు నీరుపోసినందున మొక్క మాడినదని అత్తగారు తీర్పు చెప్పి, నాటినుండి ఆమెను పెరటిగుమ్మము దాటనీయలేదు. మొక్కకు పట్టిన తెగులుకన్న ఈ తీర్పే నన్ను ఎక్కువ బాధించినది.

ఆకును వెలుతురున కెత్తి చూచినచో, గీత కొసన, పలుచని పైపొరక్రింద, లేతపసుపు పురుగొకటి కనబడును. రైతులు దీనిని పాముపొడ యందురు. చిన్న రెక్కలపురుగు చిగురుటాకుమీద గ్రుడ్డు పెట్టగా, పుట్టిన పిల్ల పొరలనడుమ తొలుచుకొనుచు పోవును. ముదిరిన ఆకు జోలికి సాధారణముగా పోదు. చూపే చెరచినదైనచో, ముందుగా కంటబడు ముదురాకులను విడిచి చిగుళ్లనే యేల వెదకును?

పసుపుబారుటకును ఇట్టి క్రమమే కలదు. నత్రజని చాలనపుడు మొక్క ముదురాకులలోని దానిని చిగుళ్లకు తరలించుకొనును గావున క్రిందియాకులు ముందు పాలిపోవును. ఇనుము అట్లు తరలిపోదు గావున, అది కొరవడినపుడు ఈనెలు పచ్చగానుండగనే లేతాకులు పసుపగును. ఇల్లు కట్టగా మిగిలిన సున్నము, సిమెంటు కలిసిన పెరటిమట్టిలో ఇనుమున్నను వేళ్లకు అందదు. ఉక్కునగరపు మొక్కకు ఇనుము కొరత!

ఇక ఆకుమీది నలుపు: తడిగుడ్డతో తుడువగా పొడిగా పోవునది రేవు బొగ్గుధూళి కావచ్చును, జిగురుండి చీమలు తిరుగుచున్నచో, రసముపీల్చు పురుగుల విసర్జనముపై పెరిగిన మసితెగులు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరముపై విరుచుకుపడి చెట్లను మోడుచేసినపుడు ఏ కోడలిని ఎవరును నిందింపలేదు, గాలిని అందరును చూచిరి గనుక. పురుగును చూడనందుననే గదా నింద ఈమెపై పడినది!

ఆ కోడలినే గుమ్మమువద్దకు పిలిచి, ఆకును వెలుతురున పట్టి చూపితిని. పొరను గోటితో చీల్చి పురుగును పైకి తీసినది ఆమెయే. మరునాడు గుమ్మము దాటివచ్చి వేపగింజల కషాయము చల్లినదియు ఆమెయే. అవి ఆమె బహిష్టు దినములు.