గృహవైద్యము: వేసవి లేపనము

గౌతమీతీరమునందలి మన రావులపాలెమున కొబ్బరినూనెకు కొదువ లేదు. కాని అది సుమారు 24 డిగ్రీల వేడికే కరగును. వేసవిలో పేరుకొని నిలువదు. కనుక తేనెమైనము తోడు కావలెను.

4 తులముల నూనెలో 1 తులము మైనము తురిమి వేసి, గిన్నెను కాగునీటిలో నుంచి కరగించి, తడిలేని భరిణెలో పోయుడు. కలబందరసము కలుపకుడు, నీరు చేరినచో త్వరగా చెడును.

పగిలిన పెదవులకును, మడమలకును ఇది హితము. చెమటకాయలకు మాత్రము పూయవలదు. చెమట వెడలు దారులు మూసికొనుటచేతనే అవి పుట్టును, జిడ్డుచే హెచ్చును. మేము తెలియక మా పసిబిడ్డ మెడకు పూసి రాత్రియెల్ల ఏడ్పించితిమి. అట్టి బిడ్డలకు చల్లనినీటి స్నానము, పలుచని నూలుబట్ట, గాలియే మందు. మందు మంచిదైనను చోటెరిగి పూయవలెను.