అప్పుందా... చెప్పేయండి!

ఇంటర్వ్యూ బాగా జరిగింది. జీతం కుదిరింది. ఇక చేరడమే తరువాయి అనుకుంటుండగా ఓ దరఖాస్తు వస్తుంది. పేరు ఎస్ఎఫ్-86. వంద పేజీలకు పైమాటే. ఎక్కడ చదివారు, ఏ ఊళ్లలో ఉన్నారు, విదేశాల్లో చుట్టాలెవరు... అన్నీ గబగబా నింపేసినా ఇరవై ఆరో విభాగం దగ్గరికి వచ్చేసరికి కొందరి చెయ్యి ఆగిపోతుంది. అక్కడ అడిగేది అప్పుల గురించి మరి!

అమెరికాలో రక్షణ, గూఢచార శాఖల్లో రహస్య సమాచారం చూడాల్సిన ఉద్యోగాలకు ‘సెక్యూరిటీ క్లియరెన్స్’ తప్పనిసరి. ఆ శాఖల పనులు చేసే ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకూ అంతే. సాధారణంగా అమెరికా పౌరులకే ఇస్తారు, గ్రీన్‌కార్డు సరిపోదు. అక్కడ స్థిరపడి పౌరసత్వం తీసుకున్న తెలుగువారైనా, అక్కడే పుట్టిపెరిగిన వారి పిల్లలైనా ఇలాంటి ఉద్యోగానికి వెళ్లాలంటే ఈ గడప దాటాల్సిందే.

అప్పుకీ రహస్యానికీ లంకేంటి?

ఆల్డ్రిచ్ ఏమ్స్ కథ వింటే తెలుస్తుంది. సీఐఏ అధికారి. విడాకుల ఖర్చు, దుబారా కలిసి అప్పుల్లో కూరుకుపోయాడు. 1985లో సోవియట్ అధికారులకు రహస్యాలు అమ్మాడు. మొదట అడిగింది 50 వేల డాలర్లు. ఆ తర్వాత ఆగలేదు. అమెరికాకు రహస్యంగా సాయపడుతున్న ఎంతోమంది పేర్లు చెప్పేశాడు. వారిలో పలువురికి సోవియట్ ప్రభుత్వం మరణశిక్ష వేసింది. ఏమ్స్ మాత్రం 5.4 లక్షల డాలర్ల ఇల్లు నగదుకే కొన్నాడు, జాగ్వార్ కారులో తిరిగాడు. 1994లో పట్టుబడ్డాడు. యావజ్జీవ శిక్ష పడింది.

అవసరంలో ఉన్నవాణ్ని కొనడం తేలికన్నది అధికారుల భయం. మరో అనుమానం కూడా ఉంది. సొంత ఇంటి లెక్కలే పట్టించుకోనివాడు దేశ రహస్యాలను జాగ్రత్తగా చూసుకుంటాడా అని!

ఏమేం చూస్తారు?

2017లో అమల్లోకి వచ్చిన మార్గదర్శకాల ప్రకారం 13 అంశాలు పరిశీలిస్తారు. ఆర్థిక వ్యవహారాలు అందులో ఒకటి. దివాలా పిటిషన్ వేశారా? పన్ను కట్టడం మానేశారా? 120 రోజులు దాటిన బాకీలున్నాయా? జూదంలో డబ్బు పోగొట్టుకున్నారా? ఇలా ఉంటాయి ప్రశ్నలు. నెలనెలా సక్రమంగా కట్టే ఇంటి రుణం, చదువు రుణం గురించి బెంగ అక్కర్లేదు. ఇన్ని డాలర్లు దాటితే ఇవ్వరు అన్న గీత కూడా లేదు. సంపాదనకు మించి ఖర్చుచేస్తున్నా, ఎక్కడిదో చెప్పలేని డబ్బు ఉన్నా అనుమానం మొదలవుతుంది.

దారులు మూసుకుపోవు

ఉద్యోగం ఊడింది. ఇంట్లో ఒకరు ఆసుపత్రి పాలయ్యారు. భార్యాభర్తలు విడిపోయారు. ఇలా చేయిదాటిన కారణాలతో అప్పులైతే అధికారులు అర్థం చేసుకుంటారు. కాకపోతే ఆ తర్వాత మీరేం చేశారన్నది ముఖ్యం. అప్పిచ్చినవారితో మాట్లాడి వాయిదాలు కుదుర్చుకున్నారా, వాటిని తప్పకుండా కడుతున్నారా అన్నది చూస్తారు. అందుకే రసీదులు, ఉత్తరాలు దాచుకోవాలి. దివాలా తీసినంత మాత్రాన అవకాశం పోయినట్టే అనుకోనక్కర్లేదు. క్లియరెన్స్ ఇవ్వడానికి సందేహిస్తే కారణాలు రాసి పంపుతారు, జవాబిచ్చే వీలుంటుంది.

దాచిపెట్టడం మాత్రం ప్రమాదం. క్రెడిట్ నివేదిక ఎలాగూ తెప్పిస్తారు. కావాలని అబద్ధం రాస్తే అది నేరం. అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. క్లియరెన్స్ వచ్చాక కూడా నిఘా ఆగదు. కొత్త బాకీలు పేరుకుంటే వారికి తెలిసిపోతుంది.

ఇదంతా అమెరికా గోల అనుకోనక్కర్లేదు. మన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1964 కూడా అలవాటుగా అప్పులు చేయొద్దనే చెబుతుంది. బాకీ వసూలుకు ఎవరైనా కోర్టుకెక్కితే ఆ సంగతి ఉద్యోగే పైవారికి తెలపాలి.

అప్పు లేని ఇల్లు అరుదు. ఊళ్లో అయినా అప్పు చేసినవాణ్ని ఎవరూ వెలివేయరు. అప్పిచ్చినవాడు ఎదురైతే పక్క సందులోకి తప్పుకునేవాణ్నే నమ్మరు. అక్కడి అధికారులు చూసేదీ దాదాపు అదే!