సైకిలు ప్రయాణానికీ పథ్యం ఉంది

మోకాళ్ళపై అధిక భారం మోపకుండా శరీరానికి చక్కని వ్యాయామం కలిగించే సాధనం సైకిలు. స్థూలకాయులకూ, మధుమేహ పీడితులకూ నేను తరచు దీనినే సూచిస్తూ ఉంటాను. వ్యాయామాన్ని అర్ధశక్తితో చేయాలన్న వాగ్భటాచార్యుల నియమానికి కూడా ఇది అనుకూలమే. అయితే "ఈ బస్సుల మధ్య క్షేమంగా ఇల్లు చేరగలమా?" అని చాలామంది ప్రశ్నిస్తున్నారు. సమంజసమైన ప్రశ్నే. ఔషధానికి పథ్యం వలె సైకిలుకు రహదారి నియమాలు తప్పనిసరి. కాని ఈ పథ్యాన్ని సైకిలు తొక్కేవారొక్కరే పాటిస్తే చాలదని నా అభిప్రాయం.

ముందుగా సైకిలు వారి సంగతి. మన బస్సులలో డ్రైవరు కుడివైపున కూర్చుంటాడు. ఎడమపక్కన ఆనుకొని పోయే సైకిలు అతని కంట పడకపోవచ్చు. పైగా పొడవైన బస్సు ఎడమకు తిరిగేటప్పుడు, ముందుచక్రాల దారికన్నా వెనుకచక్రాలు లోపలికి జరుగుతాయి. ఆ సందులో చిక్కుకుంటే తప్పించుకునే చోటుండదు. కనుక బస్సుకు ఎడమవైపున దూరరాదు. వెనుకనే ఆగడం ఉత్తమం. నిలిపి ఉన్న కార్లకు కనీసం ఒక మీటరు ఎడంగా సాగిపోవాలి. చీకటి పడితే లేతరంగు దుస్తులు, ముందు దీపం, వెనుక ఎర్రని రిఫ్లెక్టరు ఉండాలి.

ఇక కార్లు గలవారికి పైసా ఖర్చు లేని చిట్కా ఒకటి. కారు కుడి తలుపును ఎడమచేతితో, ఎడమ తలుపును కుడిచేతితో తెరవండి. అప్పుడు శరీరం దానంతటదే వెనుకకు తిరుగుతుంది. వచ్చే సైకిలు కనిపిస్తుంది. నెదర్లాండ్స్ దేశీయులకు ఇది అలవాటైన పద్ధతి.

హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన, సౌరఫలకాల కప్పు గల 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరులో ప్రారంభమైంది. సంతోషమే. కాని తెల్లవారుజామున పేపరు వేసే కుర్రవాడూ, రాత్రి కాపలాకు పోయే వాచ్‌మనూ, ట్యూషనుకు వెళ్ళే మన పిల్లలూ తిరిగేది ఊరి నడుమ రోడ్ల మీదనే. అక్కడ కూడా సైకిళ్ళకు వేరుగా చోటు కేటాయించాలని మనం ప్రభుత్వాన్ని కోరాలి. అంతవరకు, బలమైన వాహనం నడిపేవారిదే పెద్ద బాధ్యత.

తండ్రికి కారు, బిడ్డకు సైకిలు ఉన్న ఇళ్ళు మనలో అనేకం. ముందున్న సైకిలును చూసి విసుగుతో హారను మోగించబోయే ముందు, ఆ వేళకే మీ బిడ్డ సైకిలు వెనుక మరొకరి కారు వస్తూ ఉంటుందని ఒక్కసారి తలచుకోండి.