మూత తీసి చూడండి!

విద్యార్థులారా! మీ బడిలో ఏ మూలనో దుమ్ము కొట్టుకుపోయిన పాత కంప్యూటరు ఒకటి ఉండే ఉంటుంది. "పనికిరాదు, పాత సామాన్లవాడికి వేసేయండి" అంటారు చూసినవాళ్ళు. వేసేముందు ఒక్కసారి దాని మూత తీసి చూడాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

2003లో ఒక ఆఫీసువారు తాము వాడి వదిలేసిన కంప్యూటరును మా బడికి ఇచ్చారు. దాని వెనుక రెండు సీరియల్ పోర్టులున్నాయి. సీరియల్ పోర్టు అంటే 9 సూదులున్న చిన్న సాకెట్టు. సమాచారం ఇందులోంచి క్యూలో మనుషుల్లా ఒక్కొక్క బిట్టుగా వెళుతుంది. సెకనుకు 9600 బిట్ల వేగం పెట్టామనుకోండి. ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి 8 బిట్లు, మొదలు తెలపడానికి ఒకటి, ముగింపు తెలపడానికి ఒకటి, మొత్తం 10. అంటే సెకనుకు 960 అక్షరాలన్నమాట.

ఒక పోర్టుకు మౌస్ తగిలించాం. రెండోది పాడైపోయింది. వేడినీళ్ళు చల్లారే తీరును కొలవడానికి ఒక మీటరును కూడా కలపాలని మా కోరిక. అందుకని ఒక సీరియల్ కార్డు కొని, లోపల ఖాళీగా ఉన్న ఐఎస్ఎ స్లాటులో గుచ్చాం. మీటరు అంకెలు తెర మీదికి వచ్చాయి. కాని మౌస్ బాణం కొయ్యబారిపోయింది! మీటరు తీసేసి, కంప్యూటరును మళ్ళీ మొదలుపెడితే గాని కదలలేదు.

"కార్డు మంచిది కాదు, తిరిగి ఇచ్చేద్దాం సార్" అన్నారు పిల్లలు. పాపం, కార్డుది తప్పేమీ లేదు. ప్రతి పోర్టుకూ ఇంటి నెంబరు లాంటి చిరునామా ఒకటి, కాలింగ్ బెల్ లాంటి 'ఇంటరప్ట్' తీగ ఒకటి ఉంటాయి. పాత పీసీల ఏర్పాటులో మొదటి పోర్టు చిరునామా 3ఎఫ్8, మూడో పోర్టుది 3ఇ8. (ఇవి 16 ఆధారంగా రాసే సంఖ్యలు.) ఇళ్ళు వేరే, గంట తీగ మాత్రం రెండింటికీ 4వ నెంబరుదే! గంట మోగితే ఏ తలుపు తీయాలి? ఐఎస్ఎ కంప్యూటర్లలో రెండు పోర్టులు ఒకే తీగను ఒకేసారి వాడుకోవడం మామూలుగా కుదరదు.

కార్డు మీద జంపర్లనే చిన్న టోపీలుంటాయి. 5వ తీగ ఖాళీగా ఉందని ముందు చూసుకుని, 4 దగ్గరున్న టోపీని 5 దగ్గరికి మార్చాం. అయినా పనిచేయలేదు! కార్డుకు చెప్పాం గాని విండోస్‌కు చెప్పలేదు కదా! అక్కడ కూడా 5 అని మార్చాక రెండూ కలిసి పనిచేశాయి. నీళ్ళు చల్లారే గీత తెర మీద వంపు తిరుగుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు.

విండోస్ 95 వచ్చిన నాటినుంచి ఈ పంపకాలను చాలావరకు కంప్యూటరే చేసుకోవడం మొదలైంది. అది సుఖమే, కాదనను. కాని ఆ సుఖంలో మనం ఒకటి పోగొట్టుకున్నాం. ఏదైనా ఆగిపోతే మంత్రం వేసినట్టు ఆపి మళ్ళీ ఆన్ చేస్తున్నాం. ఎందుకు ఆగిందని అడగడం లేదు. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితం చూసి, కారణం పట్టుకోవడమే సైన్సు పద్ధతి. ఆ పాఠం మా పిల్లలకు నేర్పింది ఆ టోపీయే.

"ఇప్పుడు లేని వస్తువు గురించి ఎందుకు?" అంటారా? ఆర్డుయినో వంటి బోర్డులు ఈనాటికీ సీరియల్ పద్ధతిలోనే కంప్యూటరుతో మాట్లాడతాయి.

మీ ఉపాధ్యాయుణ్ణి పక్కన ఉంచుకునే మూత తీయండి. ముందు కరెంటు తీగ పూర్తిగా ఊడదీయండి. కార్డును తాకేముందు పెట్టె ఇనుప భాగాన్ని ముట్టుకోండి, మీ ఒంటి మీది స్థిర విద్యుత్తు పోతుంది. కరెంటు సరఫరా డబ్బాను, పాత పిక్చర్ ట్యూబు మానిటరును మాత్రం ఎప్పుడూ విప్పకండి. ఇక ఏ కార్డు ఎందుకుందో ఒక్కొక్కటే అడిగి తెలుసుకోండి!