తెలుగులో లెక్క: 1,52,184

ఈ నెల ఒక్క సంఖ్యనే చదువుదాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

1,52,184.

ముందు పైకి చదవండి: లక్షా యాభై రెండు వేల నూట ఎనభై నాలుగు. బడిలో మీరు దీన్ని 'నూట యాభై రెండు వేలు' అని మొదలుపెడతారు. తెలుగులో నూరు వేలు కాగానే లక్ష అంటాం. అందుకే మొదటి కామా 1 పక్కనే పడింది.

ఈ సంఖ్య మనది. 1860 నుంచి 1911 వరకు ఒప్పందం మీద ఓడలెక్కి నటాల్‌కు వచ్చిన వాళ్ళ లెక్క ఇది. మొదటి ఓడ ట్రూరో. అది మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. వచ్చిన ప్రతి మనిషికీ ఓడ పట్టీలో ఒక నంబరు వేశారు. చంటిబిడ్డకూ వేశారు. రాసేవాడి చెవికి తోచినట్టు పేర్లు మారిపోయాయి. నంబరు మాత్రం మారలేదు. మీ ముత్తాతను పట్టీల్లో వెతకాలంటే, ఆ నంబరు తెలిస్తే పని సులువు.

ఇక సంఖ్యను విప్పి చూద్దాం. అంకెలన్నీ కూడండి: 1+5+2+1+8+4 = 21. దీన్ని 3తో భాగిస్తే శేషం లేదు. శేషం అంటే మిగిలింది. కాబట్టి మన సంఖ్యను 3తో భాగించినా శేషం ఉండదు. ఇప్పుడు చివరి మూడు అంకెలు చూడండి: 184. ఎనిమిది ఇరవైమూళ్ళు నూట ఎనభై నాలుగు. కాబట్టి మన సంఖ్యను 8తో భాగించినా శేషం ఉండదు.

8తో, తర్వాత 3తో భాగిస్తే 6,341 వస్తుంది. అది 17 × 373. ఇక ఇవి విడిపోవు. ఇలా విడిపోనివాటిని ప్రధాన సంఖ్యలు అంటారు.

1,52,184 = 2 × 2 × 2 × 3 × 17 × 373

373ను వెనక నుంచి చదివినా 373. అందులో దాగిన 37, 73 కూడా ప్రధాన సంఖ్యలే.

ఇప్పుడు ఒక్కటి తీసేయండి: 1,52,183. దీన్ని 2తో భాగించండి, శేషం వస్తుంది. 3తో, 17తో, 373తో భాగించినా అంతే. పక్కపక్కనున్న రెండు సంఖ్యలను 1 తప్ప మరే సంఖ్యా శేషం లేకుండా భాగించలేదు. ఇంతమందిలో ఒక్కరు తగ్గితే ఏమవుతుందిలే అనుకుంటాం. లెక్క అలా అనుకోదు. ఆ ఒక్కరు మీ ముత్తవ్వ కావచ్చు.

ఇంటి పని: మీ పెద్దవాళ్ళ నంబరు ఇంట్లో అడిగి తెలుసుకోండి. దాన్ని తెలుగు అక్షరాల్లో రాయండి. మీ అవ్వకో తాతకో పైకి చదివి వినిపించండి. తర్వాత ప్రధాన సంఖ్యలుగా విప్పండి. నంబరు దొరకకపోతే 342 తీసుకోండి. ట్రూరోలో వచ్చినవాళ్ళు అంతమంది.